ఇంట్లో, పొలంలో వాడే పనిముట్లు ఏ తరగతి లీవర్లు? తరచుగా అడిగే ప్రశ్నలు

కత్తెర మొదటి తరగతి, నిమ్మకాయ పిండే సాధనం రెండవ తరగతి, చిమటా మూడవ తరగతి అని సైన్సు పుస్తకాల్లో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని బట్టీ పట్టిన విద్యార్థి, పట్టికలో లేని పనిముట్టు చేతికి ఇవ్వగానే తడబడతాడు. పనిముట్టు పేరును బట్టి కాకుండా, దాన్ని వాడే తీరును బట్టి తరగతిని తేల్చుకోవడం ఎలాగో వివరించడానికే ఈ ప్రశ్నలను, సమాధానాలను ఇక్కడ కూర్చాము.

లీవర్ అంటే ఏమిటి? దానికి తరగతులు ఎలా ఏర్పడ్డాయి?

ఒక స్థిరమైన బిందువు చుట్టూ తిరగగలిగే గట్టి కడ్డీని లీవర్ అంటారు. తెలుగులో మీట అన్నా ఇదే. కడ్డీ ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది ఆధారం, మనం కదిలించదలచిన వస్తువు కడ్డీ మీద ఎక్కడ ఒత్తుతుందో అది భారం, మన చెయ్యి ఎక్కడ పనిచేస్తుందో అది బలం. ఈ మూడింటిలో ఏది మధ్యలో ఉందన్న ఒక్క ప్రశ్నతోనే తరగతి తేలిపోతుంది. ఆధారం మధ్యలో ఉంటే మొదటి తరగతి, భారం మధ్యలో ఉంటే రెండవ తరగతి, బలం మధ్యలో ఉంటే మూడవ తరగతి. "ఆధారం, భారం, బలం" అనే వరుసను గుర్తుంచుకుంటే చాలు, ఒకటి, రెండు, మూడు తరగతుల్లో మధ్యన ఉండేవి అదే వరుసలో వస్తాయి.

ఆధారం నుంచి బలం వరకు ఉన్న దూరాన్ని బలభుజం అని, ఆధారం నుంచి భారం వరకు ఉన్న దూరాన్ని భారభుజం అని అంటారు. బలాన్ని బలభుజంతో గుణిస్తే వచ్చేదీ, భారాన్ని భారభుజంతో గుణిస్తే వచ్చేదీ సమానమైనప్పుడు లీవర్ సమతూకంలో నిలుస్తుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సిరాక్యూస్ నగరానికి చెందిన ఆర్కిమెడిస్ ఈ నియమాన్ని నిరూపించాడు. బలభుజం భారభుజానికి ఎన్ని రెట్లు ఉందో ఆ సంఖ్యే యాంత్రిక లాభం.

కత్తెర మొదటి తరగతి అయినప్పుడు అడకత్తెర రెండవ తరగతి ఎలా అవుతుంది?

పేరులో కత్తెర ఉన్నంత మాత్రాన రెండింటి పనితీరు ఒకటి కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కత్తెరలో రెండు రేకులను కలిపే మేకు నడుమ ఉంటుంది. ఒకవైపు వేళ్లు దూర్చే వలయాలు, మరోవైపు గుడ్డను కోసే అంచులు ఉంటాయి. ఆధారం మధ్యలో ఉంది కాబట్టి అది మొదటి తరగతి లీవర్, సరిగ్గా చెప్పాలంటే ఒకే మేకు చుట్టూ తిరిగే రెండు మొదటి తరగతి లీవర్లు.

అడకత్తెరలో కీలు ఒక కొసన ఉంటుంది. పిడులు రెండవ కొసన ఉంటాయి. వక్కను కీలుకు దగ్గరగా, అడకత్తెర రెండు చేతుల నడుమ పెట్టి నొక్కుతాము. ఎటూ తప్పించుకోలేని ఇరకాటాన్ని "అడకత్తెరలో పోకచెక్క" అంటాము కదా, ఆ సామెతలోనే రెండవ తరగతి లీవర్ నిర్వచనం దాగి ఉంది: నలిగే వస్తువు మధ్యలో ఉంటుంది. ఈ పాఠానికి ఇంతకన్నా మంచి గుర్తు మన భాషలో లేదని నా అభిప్రాయం. కీలు నుంచి వక్క 2 సెంటీమీటర్ల దూరంలోనూ, పిడికిలి 14 సెంటీమీటర్ల దూరంలోనూ ఉంటే మన నొక్కుడు వక్క దగ్గర 7 రెట్లవుతుంది. పళ్లతో కొరకలేని ఎండు వక్కను ముసలివాళ్లు సైతం అడకత్తెరతో సునాయాసంగా చెక్కలు చేయగలగడానికి కారణం ఇదే.

నిమ్మకాయ పిండే సాధనం, కీలు ఉన్న చపాతీ ప్రెస్, ఇటుకలు మోసే ఒంటిచక్రపు తోపుడు బండి కూడా ఈ కోవలోనివే. బండిలో చక్రపు ఇరుసు ఆధారం, తొట్టిలోని ఇటుకలు భారం, పిడులను ఎత్తే చేతులు బలం.

ఒకే పనిముట్టు రెండు తరగతుల్లోకి రావచ్చా?

తప్పకుండా రావచ్చు, అందుకు గునపమే సాక్ష్యం. కొన్ని ప్రాంతాల్లో దీన్నే గడ్డపార అని, పలుగు అని అంటారు. 150 సెంటీమీటర్ల గునపంతో నేలలో పాతుకుపోయిన బండరాయిని లేపుతున్నామని, గునపం మీద పడే బరువు 180 కిలోలని అనుకుందాం.

మొదటి పద్ధతిలో గునపం మొనను రాయి కిందికి దూర్చి, మొన నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో గునపం కింద ఒక చిన్న రాయి ఉంచి, పై కొసను కిందికి నొక్కుతాము. చిన్న రాయి ఆధారం. అది భారానికీ బలానికీ నడుమ ఉంది కాబట్టి ఇది మొదటి తరగతి. భారభుజం 15, బలభుజం 135 సెంటీమీటర్లు, యాంత్రిక లాభం 9, కావలసిన బలం 20 కిలోలు.

రెండవ పద్ధతిలో చిన్న రాయి ఉండదు. గునపం మొనను బండ కిందుగా నేలలోకి దింపి, పై కొసను పైకి ఎత్తుతాము. ఇప్పుడు నేలలో ఆనిన మొనే ఆధారం. బండ మొనకు 15 సెంటీమీటర్ల దూరంలో గునపం మీద ఆని ఉంటే అది మధ్యలో ఉన్నట్టు, కాబట్టి ఇది రెండవ తరగతి. బలభుజం గునపం మొత్తం పొడవు, అంటే 150 సెంటీమీటర్లు. యాంత్రిక లాభం 10, కావలసిన బలం 18 కిలోలు.

లెక్క ప్రకారం రెండవ పద్ధతిలో బలం కాస్త తక్కువ చాలుతుంది. అయినా పొలంలో రాళ్లు తీసేవారు సాధారణంగా మొదటి పద్ధతినే ఎంచుకుంటారు, ఎందుకంటే కిందికి నొక్కేటప్పుడు మన ఒంటి బరువంతా సాయపడుతుంది, పైకి ఎత్తేటప్పుడు మాత్రం నడుమూ భుజాలూ శ్రమపడాలి. అనుభవం ఉన్న చేతులు ఎంచుకునే పద్ధతి వెనుక ఇలాంటి కారణం ఉంటుందని పిల్లలకు తప్పక చెప్పాలి.

ఏ తరగతో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఏదైనా ఉందా?

చెయ్యి కదిలే దిశను, భారం కదిలే దిశను గమనించండి. కడ్డీ తిన్ననిదై, రెండూ ఎదురెదురు దిశల్లో కదిలితే అది మొదటి తరగతి. రెండూ ఒకే దిశలో కదిలితే అది రెండవదో మూడవదో అయి ఉంటుంది. అప్పుడు ఆధారానికి దగ్గరగా ఉన్నది ఏదో చూడాలి, భారం దగ్గరగా ఉంటే రెండవ తరగతి, చెయ్యి దగ్గరగా ఉంటే మూడవ తరగతి. రెండవ తరగతిలో యాంత్రిక లాభం ఎప్పుడూ ఒకటికన్నా ఎక్కువగానే ఉంటుంది, మూడవ తరగతిలో ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. మొదటి తరగతిలో ఆధారం ఉన్న చోటును బట్టి ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు, సమానమూ కావచ్చు.

లీవర్ వాడితే చేయవలసిన పని తగ్గుతుందా?

తగ్గదు. పైన చెప్పిన గునపంతో మొదటి పద్ధతిలో 20 కిలోల బలంతో బండను 5 సెంటీమీటర్లు లేపాలంటే మన చెయ్యి 45 సెంటీమీటర్లు కిందికి రావాలి. బలం తొమ్మిదో వంతు అయినప్పుడు దూరం తొమ్మిది రెట్లయింది, రెండింటి లబ్ధం మారలేదు. మన దగ్గర లేని బలాన్ని, మన దగ్గర ఉన్న దూరంతో కొనుక్కుంటున్నామని చెప్పవచ్చు.

మందపాటి అట్టను కత్తెర మొనతో కోయలేము, లోపలికి జరిపితే తెగుతుంది. ఎందుకు?

కత్తెర పట్టుకున్న వేళ్ల స్థానం మారకపోయినా, అట్టను మేకు దగ్గరికి జరిపినప్పుడు భారభుజం తగ్గుతుంది. మేకు నుంచి వేళ్లు 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. అట్ట మొన దగ్గర, అంటే 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటే యాంత్రిక లాభం ఒకటికన్నా తక్కువ. అదే అట్టను మేకుకు 2 సెంటీమీటర్ల దూరానికి తెస్తే లాభం 4 అవుతుంది. ఒకే కత్తెర, ఒకే తరగతి, కానీ కోత బలం ఆరు రెట్లు మారింది. ఇది ఇంట్లో ఎవరైనా అర నిమిషంలో చేసి చూడదగిన ప్రయోగం.

దర్జీ కత్తెరకు పొడవాటి రేకులు, ఇనుప రేకు కోసే కత్తెరకు పొట్టి రేకులూ పొడవాటి పిడులూ ఉండడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. గుడ్డ మెత్తనిది, దర్జీకి కావలసింది ఒక్క కోతలో ఎక్కువ దూరం సాగడం. ఇనుప రేకు కోసేవారికి కావలసింది బలం.

పట్టకారు, చిమటా రెండూ పట్టుకోవడానికే కదా, రెండింటినీ వేరు తరగతుల్లో ఎందుకు ఉంచుతారు?

పొయ్యి మీది గిన్నెను దించే పట్టకారులో రెండు చేతులు ఒకదాన్నొకటి దాటుకుంటూ మేకు దగ్గర కలుస్తాయి, మేకుకు ఇటు పిడులు, అటు గిన్నె అంచును పట్టే దవడలు. అది మొదటి తరగతి. మేకు దవడలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మన పట్టు గిన్నె దగ్గర రెట్టింపు, మూడింతలు అవుతుంది. నిండు గిన్నె జారకుండా నిలవడానికి ఆ అదనపు పట్టు అవసరం.

పుల్కాలు కాల్చే చిమటాకు మేకు ఉండదు. ఒక కొసన రేకు వంగి ఉంటుంది, అదే ఆధారం. వేళ్లు మధ్యలో నొక్కుతాయి, పుల్కాను రెండవ కొస పట్టుకుంటుంది. బలం మధ్యలో ఉంది కాబట్టి మూడవ తరగతి. పుల్కాకు బలమైన పట్టు అక్కరలేదు, చెయ్యి మంటకు దూరంగా ఉండడమే ముఖ్యం. కాలిలో దిగిన ముల్లు తీసే శ్రావణం కూడా ఇదే తరగతికి చెందుతుంది, అక్కడ కావలసింది బలం కాదు, సున్నితమైన అదుపు.

మూడవ తరగతిలో ఎప్పుడూ బలం నష్టమే అయితే వాటిని ఎందుకు వాడతాము?

బలం పోయిన చోట దూరమూ వేగమూ వస్తాయి. పొడవాటి కర్ర ఉన్న చీపురుతో ఊడ్చేటప్పుడు పై చెయ్యి దాదాపు కదలదు, అది ఆధారం. కింది చెయ్యి తోస్తుంది, అది బలం. చీపురు కొస నేల మీద విశాలంగా తిరుగుతుంది. కింది చెయ్యి ఒక జానెడు కదిలితే చీపురు కొస మూడు జానలు ఊడుస్తుంది. దుమ్ము బరువైనది కాదు కాబట్టి ఈ బేరం మనకు లాభసాటి. చేపల గాలం, క్రికెట్ బ్యాట్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

మన ముంజేయి కూడా మూడవ తరగతి లీవరే. మోచేతి కీలు ఆధారం. దండ కండరం ఆ కీలుకు సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ముంజేతి ఎముకకు అతుక్కుని ఉంటుంది. అరచేయి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మోచేతిని మడిచి 5 కిలోల బరువును పట్టుకుంటే, కండరం దానికి ఏడెనిమిది రెట్లు, సుమారు 35 నుంచి 40 కిలోల బలంతో లాగవలసి ఉంటుంది. అందుకు ప్రతిఫలంగా, కండరం కొద్దిగా ముడుచుకుంటేనే అరచేయి అంత దూరం కదులుతుంది. బంతి విసరడం, ముద్ద నోటికి చేర్చడం అంత చురుకుగా సాగేది అందుకే.

గోళ్లు కత్తిరించే నెయిల్ కట్టర్ ఏ తరగతి?

అది ఒక్క లీవర్ కాదు, ఒకదాని మీద ఒకటి పనిచేసే రెండు రకాల లీవర్లు. పైన మనం నొక్కే మీటను చూడండి. ముందు కొసన అది నిలువు పిన్నుకు తగులుకుని ఉంటుంది, అదే ఆధారం. పిన్నుకు కాస్త వెనుకగా మీట అడుగున ఉన్న ఉబ్బు రెండు రేకుల్లో పైదాన్ని నొక్కుతుంది, అది భారం. వెనుక కొసన బొటనవేలు ఉంటుంది. భారం మధ్యలో ఉంది కాబట్టి మీట రెండవ తరగతి, నొక్కుడును బాగా పెంచుతుంది.

ఇక దవడలు. రెండు రేకులూ వెనుక కొసన అతుక్కుని ఉంటాయి, అది ఆధారం. మీట నొక్కే చోటు నడుమ ఉంది, గోరు ముందు కొసన ఉంది. కాబట్టి దవడలు మూడవ తరగతి. మీట ఇచ్చిన బలంలో దవడలు కొంచెం పోగొట్టినా, మొత్తం మీద లాభం మిగులుతుంది. ఇంత చిన్న పనిముట్టులో ఇంత ఆలోచన ఇమిడి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

స్టాప్లర్ రెండవ తరగతి అని ఒక చోట, మూడవ తరగతి అని మరో చోట చదివాము. ఏది సరి?

మీరు ఎక్కడ నొక్కుతున్నారో దాన్నిబట్టి సమాధానం మారుతుంది. స్టాప్లర్ వెనుక కీలు ఆధారం, ముందు కొసన పిన్ను కాగితాల్లో దిగే చోటు భారం. అరచేత్తో ఆ రెంటి నడుమ నొక్కితే మూడవ తరగతి. సరిగ్గా ముందు కొస మీదే నొక్కితే బలమూ భారమూ ఒకే చోట ఉంటాయి, అప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు. పిన్ను దిగే చోటును దాటి ముందుకు సాగిన పిడి ఉన్నవాటిని మాత్రం రెండవ తరగతి అనవచ్చు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఎక్కడ నొక్కుతున్నామో ఒక బొమ్మ గీసి చూపించడం ఉత్తమం.

సుత్తితో మేకు కొట్టడం, మేకు పీకడం రెండూ ఒకే తరగతా?

కావు. చీలిక ఉన్న సుత్తితో మేకు పీకేటప్పుడు సుత్తి తల చెక్క మీద ఆనే చోటు ఆధారం, చీలికలో ఇరికిన మేకు భారం, పిడి కొస బలం. పిడి, చీలిక ఒకే గీత మీద ఉండవు కాబట్టి ఇది వంగిన లీవర్, అయినా ఆధారం రెంటికీ నడుమే ఉంది కాబట్టి మొదటి తరగతి. కొట్టేటప్పుడు మణికట్టో మోచెయ్యో ఆధారంగా సుత్తి మూడవ తరగతి లీవర్‌లా తిరుగుతుంది. అయితే మేకును దించేది ప్రధానంగా వేగంగా వచ్చిన సుత్తి తల ఒక్కసారిగా ఆగడం వల్ల పుట్టిన బలం కాబట్టి, ఇక్కడ తరగతి చెప్పడం సగం వివరణ మాత్రమే అవుతుంది.

మెకానిక్‌లు స్పానర్‌కు గొట్టం తొడుగుతారు. దానివల్ల ఏమవుతుంది?

బలభుజం పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల స్పానర్‌ను గొట్టంతో 60 సెంటీమీటర్లు చేస్తే మూడోవంతు బలంతోనే బోల్టు కదులుతుంది. బిగించేటప్పుడు ఇలా చేస్తే మరలు తెగిపోయే ప్రమాదం ఉంది, విప్పేటప్పుడు మాత్రమే, అదీ జాగ్రత్తగా చేయాలి. ఇక్కడ ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. భుజం అంటే పిడి పొడవు కాదు, ఆధారం నుంచి బలం పనిచేసే గీతకు ఉన్న లంబదూరం. స్పానర్‌కు నిటారుగా కాకుండా 30 డిగ్రీల కోణంలో తోస్తే, చెయ్యి కొసనే ఉన్నా భుజం సగమైపోతుంది.

బోరింగు, ఏతం కూడా లీవర్లేనా?

రెండూ మొదటి తరగతి లీవర్లే. వీధుల్లో బోరింగు అని పిలిచే చేతి పంపుల్లో 1970లలో మన దేశంలో రూపుదిద్దుకున్న ఇండియా మార్క్ 2 పంపు ప్రసిద్ధమైనది. దాని పిడి వైపు భుజం, గొలుసు వైపు భుజానికి 8 రెట్లు ఉంటుంది. పిడి బరువైన ఇనుప కడ్డీ కావడం వల్ల దాని బరువే లోపలి కడ్డీల బరువును కొంత మోస్తుంది, అందుకే చిన్నపిల్లలు కూడా నీళ్లు కొట్టగలుగుతారు.

ఏతంలో నిలువు స్తంభం మీద అడ్డంగా తిరిగే దూలం ఉంటుంది. పొడుగు కొసకు బొక్కెన, పొట్టి కొసకు రాయి వంటి ఎదురు బరువు కడతారు. దూలం బరువును పక్కన పెట్టి ఒక లెక్క చూద్దాం. ఖాళీ బొక్కెన 5 కిలోలు, నీళ్లతో 25 కిలోలు, బొక్కెన వైపు 3 మీటర్లు, బరువు వైపు 1 మీటరు, ఎదురు బరువు 45 కిలోలు. అప్పుడు ఆ 45 కిలోలు బొక్కెన దగ్గర 15 కిలోలను మోస్తాయి. ఖాళీ బొక్కెనను దించడానికి 10 కిలోల లాగుడు, నిండు బొక్కెనను తేవడానికి 10 కిలోల ఎత్తుడు చాలు. ఒక్కసారిగా 25 కిలోలు ఎత్తవలసిన శ్రమను రెండు సమాన వంతులుగా పంచడమే ఏతం గొప్పతనం. మనిషి దూలం మీదికెక్కి నడుస్తూ తొక్కే ఏతాల్లో ఎదురు బరువు స్థానంలో మనిషే ఉంటాడు. స్తంభానికి దూరంగా నడిచినకొద్దీ అతని బరువుకు భుజం పెరిగి బొక్కెన పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే బావిలోకి దిగుతుంది.

తక్కెడలో యాంత్రిక లాభం లేదు కదా, మరి దాన్ని లీవర్ అని ఎందుకు అంటారు?

తక్కెడ పని బలం పెంచడం కాదు, పోల్చడం. మధ్యలో ఆధారం, రెండు వైపులా సమాన భుజాలు. భుజాలు సమానంగా లేకపోతే కొనేవారికి నష్టం. ఒక భుజం 20, మరొకటి 21 సెంటీమీటర్లు ఉండి, పళ్లాల బరువులు సర్ది ఖాళీ తక్కెడను సమంగా నిలబెట్టారనుకోండి. చూపుకు లోపం కనబడదు. పొట్టి భుజం వైపు కిలో రాయి వేస్తే, పొడుగు భుజం వైపు సుమారు 952 గ్రాముల సరుకుకే తక్కెడ సమంగా నిలుస్తుంది. రాయిని, సరుకును పళ్లాలు మార్చి తూస్తే మోసం వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే అప్పుడు 1050 గ్రాములు వేయవలసి వస్తుంది.

ఎద్దుల బండిని లీవర్‌గా చూడవచ్చా?

చూడవచ్చు, చూడాలి కూడా. ఇరుసు ఆధారం, బండిలోని సరుకు భారం, కాడిని మోసే ఎద్దుల మెడలు బలం. 600 కిలోల సరుకు గరిమకేంద్రం (బరువంతా కూడి ఉన్నట్టు లెక్కించే బిందువు) ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుగా ఉండి, కాడి 3 మీటర్ల దూరంలో ఉంటే, రెండు మెడల మీద కలిపి 20 కిలోల బరువు పడుతుంది. భారం మధ్యలో ఉంది, రెండవ తరగతి. అదే సరుకు మరో 20 సెంటీమీటర్లు ముందుకు జరిగితే ఆ బరువు 60 కిలోలవుతుంది. సరుకు ఇరుసుకు వెనుకగా పోతే ఆధారం మధ్యలోకి వచ్చి బండి మొదటి తరగతి అవుతుంది, కాడి పైకి లేచి మెడ కింద కట్టిన తాడు ఎద్దుల గొంతుకు బిగుస్తుంది. బస్తాలు సర్దేటప్పుడు బండివాడు మధ్యమధ్యలో కాడిని చేత్తో ఎత్తి చూసుకునేది ఈ తూకం కోసమే.

పదునైన పనిముట్లన్నీ, తిప్పే పనిముట్లన్నీ లీవర్లేనా?

కాదు. నేల మీద కూర్చుని కూరలు తరిగే కత్తిపీటలో తిరిగే కడ్డీ లేదు, దాని అంచు చీలికలా పనిచేస్తుంది. మజ్జిగ చిలికే కవ్వం ఇరుసు, చక్రం కోవకు చెందుతుంది. రోకలిపోటులో పనిచేసేది రోకలి బరువు, వేగం. గిలక విషయంలో మాత్రం పోలిక ఉంది: బావి మీది గిలకను, ఇరుసు మధ్యలో ఉండి రెండు వైపులా సమాన భుజాలున్న మొదటి తరగతి లీవర్ ఎడతెగకుండా తిరుగుతున్నట్టు ఊహించుకోవచ్చు. అందుకే అది బలాన్ని పెంచదు, చేదను పైకి ఎత్తవలసిన లాగుడును కిందికి మళ్లిస్తుంది.